అవ్వ ఇంట్లో జిల్లేడు

ఆదివారం, రాత్రి

అమ్మకు మోకాళ్ళ నొప్పి మళ్ళీ మొదలైంది. డాక్టరిచ్చిన మాత్రలు వేసుకుంటూనే ఉంది. అయినా పొద్దున కాఫీ తాగుతూ, "చంద్రగిరి పక్కకు పోతా ఉండావు కదా, నాలుగు జిల్లేడాకులు కోసుకురా నాయనా" అంది. తిరుపతిలో మా వీధి చివరా జిల్లేడు ఉంది. కానీ ఆకుల నిండా లారీల దుమ్ము. అమ్మకు అవి పనికిరావు.

పని పదకొండుకల్లా అయిపోయింది. వచ్చేటప్పుడు బండి అవ్వ వాళ్ళ ఊరి దారికి తిప్పాను. అవ్వ పోయి పన్నెండేళ్ళు. ఆ ఇంట్లో తర్వాత ఎవరూ లేరు. కప్పు కూలి, మట్టి గోడలు నడుమెత్తున మిగిలాయి. పొయ్యి ఉండే మూలన నా అంత ఎత్తు జిల్లేడు, ఒంటి నిండా పూలతో.

చూడగానే తిట్టొకటి గుర్తొచ్చింది. చిన్నప్పుడు కుళాయి దగ్గర బిందెల తగాదా ముదిరితే "నీ ఇంట్లో జిల్లేళ్ళు మొలవ" అనుకునేవాళ్ళు. అవ్వకు ఆ మాట వింటే కోపం. "సూర్యుడి చెట్టును తిట్టుకు వాడతారా?" అనేది. అర్కుడంటే సూర్యుడు, జిల్లేడు పేరూ అర్కమే. రథసప్తమి తెల్లవారుజామున మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి, తల మీద ఒక ఆకు, భుజాల మీద రెండు, మోకాళ్ళ మీద రెండు, పాదాల మీద రెండు పెట్టి, రేగిపండ్లతో సహా తలస్నానం చేయించేది. చలికి వణికిపోయేవాళ్ళం. ఆ రోజు కొండమీద స్వామి పొద్దున సూర్యప్రభతో మొదలుపెట్టి రాత్రి చంద్రప్రభ దాకా ఏడు వాహనాల మీద ఊరేగుతాడు. మా స్నానాలు అయ్యేసరికి అక్కడ మొదటి వాహనం కదిలి ఉంటుందని అవ్వ అటు తిరిగి దండం పెట్టేది.

ఇంతగా మొక్కే చెట్టు తిట్టులోకి ఎలా వచ్చింది? ఈరోజు ఆ గోడల మధ్య నిలబడితే అర్థమైంది. దాని కాయ పగిలితే ఒక్కో గింజకూ పట్టులాంటి దూది కుచ్చు ఉంటుంది. గాలికి ఎటైనా పోతుంది. ఊడ్చే చెయ్యి లేని చోట, నీళ్ళు పోసేవాళ్ళు లేకపోయినా మొలుస్తుంది. అంటే అది వచ్చి ఇల్లు పాడవలేదు. మేం వదిలేసి వెళ్ళాక, ఆ ఇంటికి వచ్చింది అదొక్కటే.

పూలను ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. చిన్నప్పుడు మొగ్గల్ని వేళ్ళతో నొక్కి టప్పుమనిపించడమే తెలుసు. ఐదు లేత ఊదా రేకులు వెనక్కి వంగి ఉన్నాయి, మధ్యలో మైనంతో చెక్కినట్టు ఐదు మూలల కిరీటం. నల్ల తుమ్మెద ఒకటి పువ్వు పువ్వుకూ వాలుతోంది. జిల్లేడు పుప్పొడి పొడిగా రాలదు, జంట మూటలుగా తుమ్మెద కాలికి తగులుకుని ఇంకో పువ్వుకు చేరుతుంది. ఆకు అడుగున నలుపు, తెలుపు, పసుపు చారల గొంగళిపురుగు. మేకలు కూడా వదిలేసే ఆకు దానికి అన్నం. ఆ విషం ఒంట్లో దాచుకుని రేపు నారింజరంగు సీతాకోకచిలుక అవుతుంది, పిట్టలు దాని జోలికి రావు. ఆ పురుగున్న కొమ్మను ముట్టుకోలేదు.

ఆకు తుంచగానే పాలు కారాయి. ముల్లు దిగితే అవ్వ ఆ పాలే చుక్క వేసేది. కానీ కంట్లో పడితే ప్రమాదమని వందసార్లు చెప్పేది, ప్రతిసారీ ఉపమన్యుడి కథతోనే. గురువు ధౌమ్యుడు అన్ని తిళ్ళూ మాన్పిస్తే, ఆకలికి తట్టుకోలేక జిల్లేడాకులు తిని, చూపు పోయి బావిలో పడ్డాడు. అశ్వినీ దేవతలు వచ్చి చూపిచ్చారు. "నీకు ఆ దేవతలు రారు, పో, చేతులు కడుక్కో" అనేది. ఈరోజు కూడా బాటిల్‌లో ఉన్న నీళ్ళన్నీ చేతులకే పోశాను.

సాయంత్రం ఆకులకు ఆముదం రాసి, పెనం మీద వెచ్చచేసి, అమ్మ మోకాళ్ళకు పాత చీర గుడ్డతో కట్టాను. హాయిగా ఉందంది. ఎక్కడ కోశావని అడిగింది. చెప్పాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇంట్లోనా, వాకిట్లోనా?" అంది.

"పొయ్యి దగ్గర."

"పూసిందా?"

"నిండా పూసిందమ్మా."

మోకాలి మీది కట్టును అరచేత్తో మెల్లగా అదుముకుంటూ, "వచ్చే ఆదివారం నన్ను కూడా తీసుకుపో" అంది.