ఢిల్లీలో ఓటు, వియన్నాలో ఆమోదం: అంతర్జాతీయ సంబంధాలకు నేను సిద్ధమైన తీరు

సివిల్స్ పరీక్ష తుది జాబితా వెలువడిన నాటి నుంచి మిత్రులు నన్ను ఎక్కువగా అడుగుతున్నది పొలిటికల్ సైన్స్ ఆప్షనల్ రెండో పేపర్ గురించి. అందులోనూ దేశీయ రాజకీయాలు, బహుపాక్షిక సంస్థలు అంతర్జాతీయ సంబంధాలను ఎలా మలుస్తాయనే అంశం గురించి. సిలబస్ మీకు తెలిసిందే కాబట్టి దాని జోలికి పోను. ఈ ఒక్క అంశం పట్టు చిక్కాక పేపర్‌లో చాలా ప్రశ్నలకు దారి దొరికిందని మాత్రం నమ్మకంగా చెప్పగలను.

మనలో చాలామంది నోట్సులో ఈ రెండూ వేర్వేరు అధ్యాయాలుగా ఉంటాయి. ఒకచోట సంకీర్ణ ప్రభుత్వాలు, ప్రాంతీయ పార్టీలు, ప్రజాభిప్రాయం ఉంటే మరోచోట ఐక్యరాజ్యసమితి, ప్రపంచ వాణిజ్య సంస్థ, అంతర్జాతీయ ద్రవ్యనిధి ఉంటాయి. ప్రశ్న రెండింటినీ కలిపి అడిగినప్పుడు సగం ఇది, సగం అది రాసి చివర ఒక వాక్యంతో అతికిస్తాం. ఆ అతుకు దిద్దేవారి కంట పడకుండా ఉండదు. భారత్-అమెరికా పౌర అణు ఒప్పందాన్ని తేదీల వారీగా ఒకే కాగితం మీద, దేశంలో జరిగినవి ఎడమవైపు, బయట జరిగినవి కుడివైపు రాసుకున్న రోజున నాకు ఈ చిక్కు విడిపోయింది.

2005 జూలైలో మన ప్రధాని, అమెరికా అధ్యక్షుడు సంయుక్త ప్రకటన చేశారు. ఒప్పందం మీద సంతకాలు పడింది మాత్రం 2008 అక్టోబరు 10న. ఈ మధ్యకాలంలో ఎవరు ఎవరిని ఆపగలిగే స్థితిలో ఉన్నారో చూడటమే అసలు చదువు. అమెరికా కాంగ్రెస్ 2006 డిసెంబరులో హైడ్ చట్టం చేస్తూ, భారత్ ముందుగా అంతర్జాతీయ అణుశక్తి సంస్థతో సేఫ్‌గార్డుల (అణు కేంద్రాల తనిఖీల) ఒప్పందం ఖరారు చేసుకోవాలని, అణు ఎగుమతులను నియంత్రించే దేశాల కూటమి అయిన అణు సరఫరాదారుల బృందం తన నియమాల నుంచి ఏకాభిప్రాయంతో మినహాయింపు ఇవ్వాలని, ఆ తరువాతే తుది ఒప్పందం తన ఆమోదానికి రావాలని షరతు పెట్టింది. అంటే ఒక దేశపు చట్టసభ రెండు అంతర్జాతీయ వేదికలను తన వాకిట కాపలా పెట్టింది. ఇటు ఢిల్లీలో వామపక్షాలు సరిగ్గా ఆ మెట్టు దగ్గరే ప్రభుత్వాన్ని నిలిపివేయాలని చూశాయి. ప్రభుత్వం అణుశక్తి సంస్థ దగ్గరకు వెళ్లడానికి సిద్ధపడగానే 2008 జూలైలో మద్దతు ఉపసంహరించుకున్నాయి. జూలై 22న లోక్‌సభలో విశ్వాస తీర్మానం 275-256 ఓట్లతో నెగ్గింది, ఆగస్టు 1న వియన్నాలో ఆ సంస్థ పాలకమండలి ఆమోదం తెలిపింది. మరో పది ఓట్లు అటు పడి ఉంటే వియన్నాలో ఆ రోజు చర్చించడానికి ఏమి మిగిలేదో ఆలోచించండి.

అణు సరఫరాదారుల బృందం దగ్గర కథ ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. 1974 నాటి మన అణు పరీక్ష పర్యవసానంగా పుట్టిన ఆ బృందంలో అప్పటికి 45 దేశాలున్నాయి. అగ్రరాజ్యం గట్టిగా వెనక నిలబడినా ఆస్ట్రియా, ఐర్లాండ్, న్యూజిలాండ్ వంటి చిన్న దేశాలు అంత సులువుగా ఒప్పుకోలేదు. వాటి పట్టుదలకు మూలం వాటి సొంత రాజకీయాల్లో ఉంది. కట్టి సిద్ధంగా ఉన్న అణువిద్యుత్ కేంద్రాన్ని నడపవద్దని ఆస్ట్రియా ప్రజలు 1978లో రెఫరెండంలో తీర్పు చెప్పారు. న్యూజిలాండ్ 1987లో తనను అణ్వస్త్రరహిత ప్రాంతంగా చట్టం ద్వారానే ప్రకటించుకుంది. ఏకాభిప్రాయం తప్పనిసరి అనే నిబంధన లేకపోతే ఆ ప్రజాభిప్రాయానికి అక్కడ అంత బరువు ఉండేది కాదు. సెప్టెంబరు 5న మన విదేశాంగ మంత్రి ప్రణబ్ ముఖర్జీ అణు పరీక్షలపై స్వచ్ఛంద నిషేధానికి కట్టుబడి ఉన్నామని ప్రకటించాక, మరుసటి రోజు మినహాయింపు వచ్చింది. అంతటితోనూ ముగియలేదు. భోపాల్ చేదు జ్ఞాపకం వెంటాడుతుండగా 2010లో మన పార్లమెంటు చేసిన అణు ప్రమాద బాధ్యత చట్టంలోని 17(బి) సెక్షన్, లోపమున్న పరికరాలతో ప్రమాదం జరిగితే వాటిని అమ్మినవారి నుంచి పరిహారం రాబట్టే వీలు కల్పించి, విదేశీ సరఫరాదారులను ఏళ్ల తరబడి వెనకాడేలా చేసింది.

సిద్ధాంతం కోసం 1988లో అమెరికా రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ పుట్నం చెప్పిన రెండంచెల ఆట చాలు. చర్చల బల్ల దగ్గర కూర్చున్న నాయకుడు ఇంట్లో ఆమోదం పొందగలిగిన దాన్నే అక్కడ ఒప్పుకోగలడు. ఇంట్లో చేతులు కట్టేసి ఉండటం బేరంలో ఒక్కోసారి బలం కూడా అవుతుంది. నేను దీనికి ఒక ముక్క చేర్చేవాడిని: ఆ బల్ల ఎవరిది, దాని ఓటింగు నిబంధన ఏమిటి?

మిగతా ఉదాహరణలన్నీ ఇదే అచ్చులో ఒదుగుతాయి. 2013లో ఆహార భద్రత చట్టం చేసుకున్న భారత్, 2014 జూలైలో ప్రపంచ వాణిజ్య సంస్థలో వాణిజ్య సౌలభ్య ఒప్పందాన్ని (సరిహద్దుల్లో కస్టమ్స్ ప్రక్రియలను సులభం చేసేది) అడ్డుకుని నవంబరులో ధాన్యం నిల్వలపై స్పష్టమైన హామీ రాబట్టుకుంది. మానవ హక్కుల మండలిలో శ్రీలంకపై తీర్మానానికి 2012లో, 2013లో మనం వేసిన ఓట్లను తమిళనాడు రాజకీయాలు తెలియకుండా వివరించలేం. ద్రవ్యనిధి 2010లో ఆమోదించిన కోటా (సభ్యదేశాల వాటా, ఓటు బలం) సంస్కరణలు అమెరికా కాంగ్రెస్ 2015 డిసెంబరు దాకా తేల్చకపోవడంతో 2016లో గాని అమలుకు రాలేదు. ఎదురుచూసి విసిగిన దేశాలు బ్రిక్స్ బ్యాంకు వైపు ఎందుకు మొగ్గాయో దీన్నిబట్టి రాయవచ్చు. ప్రపంచ వాణిజ్య సంస్థలో వివాదాలపై అప్పీళ్లు వినే అప్పిలేట్ బాడీ 2019 డిసెంబరులో స్తంభించడాన్ని మొత్తంగా ట్రంప్ ఖాతాలో వేయకండి. ఒక సభ్యుడి పునర్నియామకాన్ని 2016లో అడ్డుకున్నది ఒబామా ప్రభుత్వమే.

నేను చదివిన పుస్తకాలు తక్కువని, అదృష్టం కలిసివచ్చిందని కొందరు అన్నట్టు తెలిసింది. పుస్తకాలు తక్కువన్నది నిజమే, అది తెలిసి తీసుకున్న నిర్ణయం. మార్కెట్లోకి వచ్చిన ప్రతి సంకలనాన్నీ కొని, ఏదీ రెండోసారి తెరవకుండా దాన్ని కష్టపడటం అనుకునేవారిని చాలామందిని చూశాను. విదేశీ వ్యవహారాల వార్త చదివిన ప్రతి రాత్రీ దీన్ని దేశంలో ఎవరు ఆపగలరు, బయట ఎవరు ఆపగలరు అనే రెండు ప్రశ్నలకు సొంత మాటల్లో జవాబు రాయడం నేను పండుగనాడు కూడా మానలేదు. ఒంట్లో బాగోలేదనో మనసు బాగోలేదనో ఒక రోజు వదిలితే, మరుసటి రోజు వదలడానికి కారణం వెతకనక్కరలేదు. ఇది చాదస్తమని నవ్వినవారితో నాకు పేచీ లేదు, మార్కుల పట్టిక చూశాక అసలే లేదు.

జవాబు నిడివి విషయానికి వస్తే, పదిహేను మార్కుల ప్రశ్నకు ఒక ఉదాహరణను పూర్తిగా నడిపించి, మరో రెండింటిని ఒక్కో వాక్యంలో తాకి వదిలేసేవాడిని. మొదటి పేపర్, ఇంటర్వ్యూల గురించి అడిగినవారికి విడిగా రాస్తాను.