మోహిని వడ్డన

కోనసీమలోని వాడపల్లి వెంకన్నకు మా అత్తగారు మొక్కుకున్న ఏడు శనివారాలు మొన్నటితో పూర్తయ్యాయి. మొక్కు ఆవిడది, కోరిక ఇంటిల్లిపాదిదీ, ఆవిడ చెయ్యి పట్టుకుని నడిచే పని నాది. నిరుడు మా అమ్మాయికి నాలుగో నెలలో గర్భం నిలవకపోయినప్పుడు, ఎవరం ఎవరి ముఖమూ చూసుకోలేక వంటింట్లో ఒకరం, వరండాలో ఒకరం విడివిడిగా తిరిగిన రోజుల్లో, ఆవిడ ఒక్కరే పసుపు గుడ్డలో ముడుపు కట్టి దేవుడి గూట్లో పెట్టి, "ఈసారి బిడ్డ చేతికొస్తే నీ ఏడు వారాలూ నడుస్తాను నాయనా" అని అందరికీ వినపడేలా అన్నారు. ఈ మార్చిలో బిడ్డ చేతికొచ్చింది. ఆడపిల్ల. పురుడూ బారసాలా గడిచాక మొదలుపెట్టిన వారాలు రోహిణి కార్తెలో ముగిశాయి.

ఏడు వారాల మొక్కులో మగవాళ్లకు పట్టని లెక్క ఒకటి ఉంటుంది. శనివారాలను క్యాలెండరులో గుర్తు పెట్టుకున్న ప్రతి ఆడదీ ఇంకో తేదీని మనసులో గుర్తు పెట్టుకుని తీరాలి. నాకైతే ఈ వయసులో ఆ తేదీ చెప్పి రావడం మానేసింది. మధ్యలో ఒక వారం, పులిహోర కలిపి, అత్తగారి పట్టుచీర మడత విప్పి దండెం మీద ఆరవేసిన రాత్రి, బయట చేరవలసి వచ్చింది. మరోసారి గుడి దగ్గర మా ముందు నిలబడ్డ ఇద్దరు అమ్మాయిలు నెలసరిని వెనక్కి నెట్టే మాత్రలు ఎన్నాళ్ల ముందు నుంచి వేసుకోవాలో ఒకరికొకరు చెప్పుకుంటుంటే విని నాకు కోపం వచ్చింది, వాళ్ల మీద కాదు. పెళ్లికో వ్రతానికో యాత్రకో అడ్డం రాకూడదని, డాక్టరును అడగకుండా మందుల షాపులో కొని ఆ మాత్రలు మింగే పిల్లలు మన ఇళ్లలో ఎంతమంది ఉన్నారో ప్రతి తల్లికీ తెలుసు, పైకి మాత్రం ఎవరూ అనరు. ఒంటిని ఆపి మరీ తన దగ్గరకు రమ్మని దేవుడు అడిగాడంటే నేను నమ్మను. మా అత్తగారిది పాతకాలపు పట్టింపే అయినా ఈ విషయంలో ఆవిడ తీర్పే నాకు నచ్చింది. "ఆ వారం వదిలేసి పై వారాన్ని లెక్కలో వేసుకుంటే సరి. ఏడుకొండలవాడికి ఏడు లెక్కపెట్టడం రాదనుకున్నావా అమ్మాయ్?" అన్నారు.

మేముండేది తణుకు పక్క పల్లెటూరు. తెల్లవారుజామున బయలుదేరి, సిద్ధాంతం వంతెన మీద గోదావరి పాయ వశిష్ఠను దాటి, రావులపాలెం నుంచి లొల్ల మీదుగా ఇంకో పాయ గౌతమి గట్టుకు చేరే దారి మాకు ఈ వారాలన్నిట్లోనూ బాగా అలవాటైపోయింది. చివరి ప్రయాణం మాత్రం కాలువలకు నీళ్లు వదిలిన వారంలో పడింది. వేసవిలో కట్టేసిన కాలువ అడుగున బురద ఎండి పెచ్చులు లేచి ఉంటే, దాని మీదుగా కొత్త నీరు ఎండు గుర్రపుడెక్కనూ కొబ్బరి డొక్కలనూ తోసుకుంటూ మెల్లగా వస్తున్నది. రేవు మెట్ల మీద అప్పుడే నలుగురైదుగురు ఆడవాళ్లు పైటలు బిగించి నిలబడి, చెత్త కొట్టుకుపోయి తేటనీరు ఎప్పుడు వస్తుందా అని చూస్తున్నారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది మొదలు మా ఊళ్ల బతుకంతా ఈ కాలువల మీదే నడుస్తున్నది కనుక, కాటన్ దొరను మా పెద్దవాళ్లు దేవుళ్ల వరసలోనే తలుచుకుంటారు. అత్తగారు కారు ఆపించి, దిగకుండానే కిటికీలోంచి కాలువకు దణ్ణం పెట్టుకున్నారు.

వాడపల్లిలో శనివారం జనం సంగతి చెప్పనక్కరలేదు. గోవింద నామం నోట్లో ఉంటుంది, మోచెయ్యి పక్కవాళ్ల డొక్కలో ఉంటుంది. ఎవరో తెలిసినవాళ్ల పేరు చెప్పి వరుస మధ్యలోకి దూరేవాళ్లు, ఫోనులో వంటమనిషికి కూర సంగతి చెబుతూ ప్రదక్షిణ చేసేవాళ్లు, పిల్లవాణ్ణి భుజాన ఎక్కించుకుని వాడి చెప్పుల కాళ్లు మన నెత్తికి తగులుతున్నా తిరిగి చూడనివాళ్లు. తోపులాటలో ముసలివాళ్లూ కడుపుతో ఉన్నవాళ్లూ పరదా నీడ నుంచి పక్కకు, ఎండలోకి, తమంతట తామే జరిగిపోతారు. ఇంత భక్తి ఉన్నచోట రవ్వంత మర్యాద ఎందుకు ఉండదో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

మేము లోపలికి చేరేసరికే పొద్దు బాగా ఎక్కింది. మూడో ప్రదక్షిణలో అత్తగారు కింద పరిచిన పట్టాల మీది నుంచి అంచుకు జరిగి వట్టి బండ మీదికి వచ్చేశారు. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయంటారు, ఇక డెబ్బై దాటిన మనిషి అరికాళ్లెంత. ఆవిడ నోటితో ఏమీ అనలేదు గాని, నా చేతిలో ఉన్న ఆవిడ వేళ్లు బిగుసుకున్నాయి. నేను ఆవిడను లోపలి వైపుకు తేబోతే జనం సందు ఇవ్వలేదు. అప్పుడు వెనుక నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో, గళ్ల నేతచీర, చేతికి గాజులకు బదులు కాశీదారం. "మామ్మగారూ, మీరు ఇటు రండి" అంటూ ఆవిడ భుజం పట్టి పట్టా మీదికి తెచ్చి, తాను బయటి వైపు, ఆ కాలే బండ మీద, మాతో సమంగా నడవడం మొదలుపెట్టింది. మీదికి వచ్చే జనాన్ని భుజంతో ఆపుతున్నది, ఎవరినీ ఒక్క మాట అనడం లేదు. ఒక చుట్టు అయ్యాక నేను, "నీ ప్రదక్షిణలు తప్పిపోతాయమ్మా, నువ్వు వెళ్లు" అన్నాను. "నా ఏడూ అయిపోయాయి పిన్నిగారూ, ఇవి మామ్మగారివి" అంది. మిగతా చుట్లన్నీ అలాగే నడిచింది. మధ్యలో ఒక్కసారి మాత్రం, అడగకుండానే, "మా అమ్మకూ మోకాళ్లు ఇలాగే ఉండేవి" అని, ఆ తరువాత గోవింద నామంలో పడిపోయింది.

ఏడో ప్రదక్షిణ పూర్తయ్యాక పేరడిగే లోపలే ఆ అమ్మాయి వెళ్లిపోయింది. "ఆయనేనే అమ్మాయ్, ఆ రూపంలో వచ్చాడు" అని అత్తగారు చెంపలు వేసుకున్నారు. నాకలా అనిపించలేదు. ఆవరణ దాటి, చెప్పులు చేత పట్టుకుని, కదలబోతున్న ఆర్టీసీ బస్సు కోసం ఆమె పరుగెత్తడం నేను కళ్లారా చూశాను. వెంకన్నకు బస్సు తప్పిపోతుందన్న బెంగ ఉండదు. అరికాళ్లు కాలిపోయి, బస్సు దొరుకుతుందో లేదో తెలియక, ఇంటికి వెళ్లి మళ్లీ వండుకోవలసిన ఒక ఆడమనిషి మా కోసం అంతసేపు ఆగింది. దేవుడు చేశాడని చెప్పేస్తే ఆమె చేసినది తేలికైపోతుంది.

స్వామి దర్శనం రెప్పపాటు. రక్తచందనపు మూర్తి మీద తులసి దండలు, వాటి మీద పూల దండలు, ఆ అన్నిటి నడుమ నామమూ, నామం కింద ఒక కంటి కొస. బిడ్డను కాపాడినందుకు ఏమేమి చెప్పుకోవాలో వారాల తరబడి కూడబెట్టుకున్న మాటలన్నీ, "నడవండమ్మా, నడవండి" అన్న కేక కింద ఎక్కడికో పోయాయి. నా నోటికి వచ్చినది ఒకటే మాట, "పాలు బాగా తాగుతోంది స్వామీ" అని. బయటకు వచ్చాక అత్తగారికి చెబితే, "అంతకంటే ఆయనకు మాత్రం ఏం కావాలి" అన్నారు.

తిరుగు దారిలో ఆత్రేయపురం ఆగాము. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక పూతరేకుల దుకాణాలకు రంగురంగుల బోర్డులు వెలిశాయి గాని, రేకు తీసే చెయ్యి మాత్రం మారలేదు. ఒక ఇంటి అరుగు పక్కన ఒకావిడ బోర్లించిన కుండ ముందు కూర్చుని ఉంది, కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. పలచటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డను ముంచి, రెండు కొసలూ పట్టుకుని, కుండ మీద ఇటు నుంచి అటు ఒక్కసారి లాగింది. చిటపటమన్న చప్పుడు, వెంటనే గాజుపొరలాంటి రేకు. దాన్ని అంచు చిరగకుండా ఎత్తి పక్కన పెట్టేలోపే రెండో చెయ్యి గుడ్డను మళ్లీ పిండిలో ముంచుతున్నది. ముఖం మీది చెమట తుడుచుకోవడానికి మోచేతి మడత తప్ప ఖాళీ లేదు. మంట ముందు ఈ పని చేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. బెల్లంవి, పంచదారవి విడివిడిగా కట్టించుకున్నాము. ఒకటి మాత్రం కారులోనే విప్పి అత్తాకోడళ్లం చెరిసగం తిన్నాము, నెయ్యి మణికట్టు దాకా కారింది. మడి కట్టుకుని పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టని ఆవిడ, రెండో దాని వైపు చూస్తూ, "ఇంటికి తీసుకెళ్లేవి లెక్క తగ్గవు కదా" అన్నప్పుడు నాకు ఆవిడ పదేళ్ల పిల్లలా కనిపించారు.

ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి గుడికి వెళ్లడం మొక్కులో లేదు, నా కోరిక. కోరుకున్న చోటికి బదిలీ కావాలని ఉద్యోగులు ఈ స్వామికి మొక్కుకుంటారు. అది విన్నప్పుడల్లా నాకు నవ్వు వస్తుంది. మాకు ఇరవయ్యో ఏట పెళ్లి పేరుతో అయిన బదిలీకి ఎవరికి అర్జీ పెట్టుకున్నామని? అదృష్టం కొద్దీ నాకు మంచి అత్తగారు దొరికారు గాని, అది అదృష్టమే.

ఇక్కడ జనం లేరు. పాదాల దగ్గర ఊరే జలం తీర్థంగా పుచ్చుకుని, ముందు నుంచి కేశవుణ్ణి చూశాక, పూజారిగారు దీపం పట్టి వెనుక వైపు చూపించారు. ఒకే రాయి. అటు శంఖచక్రాలు పట్టిన పురుషుడు, ఇటు కొప్పు చుట్టుకున్న మోహిని, పుట్టుమచ్చతో సహా. ఆమె ముఖం మనకు కనపడదు, కనపడేది వీపే. చనిపోయిన మా అమ్మను తలుచుకున్నప్పుడు నాకు ముందుగా కళ్లకు కట్టేది ముఖం కాదు, పొయ్యి ముందు కూర్చున్న ఆమె వీపూ, చెమటకు మెడ మీదికి జారిన ముడీ. నేను ఏమడిగినా అటు తిరిగే జవాబు చెప్పేది. దీపం ఆ రాతి కొప్పు మీద ఆగినంతసేపూ నేను దేవుణ్ణి చూశానో అమ్మను చూశానో నాకు తెలియలేదు. వాడపల్లిలో రాని కన్నీళ్లు ఇక్కడ వచ్చాయి. పూజారిగారు తొందర పెట్టలేదు, అది ఆయన దయ.

మోహిని అనగానే అందరూ వయ్యారం గురించే చెబుతారు. ఆమె కొప్పులోని పువ్వు ఇక్కడ రాలిందనీ, శివుడు వెంటబడి వచ్చాడనీ, అందుకే ఎదురుగా ఉమాకమండలేశ్వరుడు ఉన్నాడనీ మాకూ చిన్నప్పటి నుంచి తెలిసిన కథే. కానీ అసలు ఆమె వచ్చిన పని ఏమిటి? వడ్డన. పాలకడలి చిలకడం మగవాళ్లంతా కలిసి చేశారు, అమృతం పుట్టగానే పంచుకోవడం చేతగాక కొట్టుకున్నారు. అప్పుడు విష్ణుమూర్తి అంతటివాడు ఆడరూపం ధరించి, వాళ్లను రెండు బంతులుగా కూర్చోబెట్టి, ఎవరికి ఎంత, ఎవరికి ముందు అని చూసుకుంటూ నడుం వంచి వడ్డించవలసి వచ్చింది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫర్వాలేదంటారు, పాపం రాక్షసులకు అదే కుదరలేదు. ముప్పై ఏళ్లుగా పండక్కీ పబ్బానికీ బంతులు వడ్డిస్తున్నదాన్ని కనుక, గిన్నెలో మిగిలినదాన్ని ఒక చూపుతో కొలిచి ఇంకా తినవలసినవాళ్లకు సరిపెట్టడం ఎంత బుద్ధి పెట్టవలసిన పనో నాకు తెలుసు. ఆ పని చేయడానికి దేవుడికి కూడా ఆడదాని చేతులే కావలసి వచ్చాయన్న సంగతి ఇంతకాలం నాకెందుకు తట్టలేదో!

కారెక్కాక ఈ మాటలన్నీ అత్తగారికి ఉత్సాహంగా చెప్పాను. ఆవిడ అరికాళ్లకు కొబ్బరినూనె రాసుకుంటూ అంతా విని, "వడ్డించింది సరేనే. ఎంగిలి విస్తళ్లు ఎత్తిందెవరు?" అన్నారు.

నా దగ్గర సమాధానం లేదు. డ్రైవరు అబ్బాయి కూడా నవ్వాడు. రావులపాలెంలో కర్పూర అరటిపళ్ల గెల ఒకటి బేరమాడి డిక్కీలో వేయించి, వంతెన మీద వశిష్ఠలో చిల్లర వేసి, ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. మా వారు మనవరాలిని ఒళ్లో వేసుకుని ఊపుతూ, చారు మాడిపోయిన వాసనను అగరొత్తులతో కప్పే ప్రయత్నంలో ఉన్నారు. అత్తగారు కాళ్లు కూడా కడుక్కోకుండా గుమ్మంలో నిలబడే మా అమ్మాయికి యాత్ర మొత్తం చెప్పేశారు. అందులో గళ్లచీర అమ్మాయి అప్పటికే వెంకటేశ్వరస్వామి అయిపోయింది, బస్సు సంగతి ఎగిరిపోయింది. ముడుపు హుండీలో పడింది, మొక్కు తీరింది. ఆడపిల్ల కనుక అయిదో నెలలో అన్నప్రాశన ర్యాలిలో, మోహిని ఎదుటే చేయించాలని ఆవిడ అక్కడికక్కడే తీర్మానించారు. వియ్యపురాలు మాత్రం తమ ఇలవేల్పు అంతర్వేది నరసింహస్వామి దగ్గరే కావాలని పట్టుబడుతున్నారు. నిన్న సాయంత్రం ఫోనులో ఇద్దరూ అరగంట చాలా మర్యాదగా వాదించుకున్నారు, ఇంకా తేలలేదు.