బోర్డు మూలన పేర్లు

దీపావళి దాటితే మా ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడేవి. కర్నూలు జిల్లా పత్తికొండ చుట్టుపక్కల వాళ్లకు సుగ్గి అంటే, అదే కూలికి వలస పోవడమంటే, ఏమిటో చెప్పనక్కర్లేదు. బుడ్డల (వేరుశనగ) పంట పండినా, ఎండినా, చేలో పని అయిపోగానే గుంటూరు వైపు పత్తి తీయడానికి, సంక్రాంతి తర్వాత మిరపకాయలు కోయడానికి పోవాల్సిందే. పెద్దవాళ్లతో పాటు పిల్లలూ లారీ ఎక్కేవాళ్లు. పన్నెండేళ్ల పిల్లోడి కూలి కూడా ఇంట్లో లెక్కకొచ్చేది.

నేను 2003లో ఆరో తరగతిలో చేరాను. జనవరి వచ్చేసరికి మా గదిలో వెనక బెంచీలన్నీ ఖాళీ. ఎక్కువ రోజులు రాని పిల్లల పేర్లు రిజిస్టర్‌లో కొట్టేయడం అప్పట్లో మామూలే. మా హెడ్మాస్టరు సార్ మాత్రం కొట్టలేదు. నల్లబోర్డు కుడివైపు పైమూలన మేకుతో చతురస్రం గీసి, సుగ్గికి పోయినవాళ్ల పేర్లు అందులో సుద్దముక్కతో రాశారు. పేరు పక్కనే వాళ్లు పోయిన ఊరి పేరు. రోజూ హాజరు పిలిచేటప్పుడు ఆ పేర్లూ పిలిచేవారు. వాళ్ల బదులు మేమంతా "సుగ్గి సార్" అని పలికేవాళ్లం. ఉగాదికి తిరిగొచ్చినవాళ్లు ఎవరి పేరు వాళ్లే అరచేత్తో తుడుచుకోవాలి. ఆ రోజు వాళ్ల ముఖాలు చూడాలి! మిరప ఘాటుకు వేళ్లు మంట పుడుతున్నా నవ్వుకుంటూ తుడిచేవాళ్లు.

ఏడో తరగతిలో నా వంతు వచ్చింది. నా మూట లారీలోకి ఎక్కింది కూడా. సార్ సైకిల్ మీద వచ్చి మాయమ్మ ముందు నిలబడ్డారు.

"పిల్లోన్ని నాకు ఇచ్చి పో అమ్మా. ఉగాదికొచ్చి మళ్లీ తీసుకుందువు."

"వాడు తెచ్చే కూలి ఎవరిస్తారు సార్?"

సార్ కాసేపు మాట్లాడలేదు. "కూలి నేను ఇయ్యలేను. మూడు పూటలా అన్నం పెట్టిస్తా, చదువు చెప్తా" అన్నారు. మాయమ్మ చాలాసేపు ఆలోచించి నా మూట కిందికి దించింది. నా జీవితం ఏ పూట మలుపు తిరిగిందని ఎవరడిగినా ఆ పూటే చెప్తాను.

అప్పటికే సర్వశిక్షా అభియాన్ కింద, వలస నెలల్లో పిల్లలు ఉండేందుకు మా బడిలోనే సీజనల్ హాస్టల్ పెట్టారు. హాస్టల్ అంటే రెండు తరగతి గదులు. సాయంత్రం బెంచీలు గోడవారకు జరిపి చాపలు పరుచుకునేవాళ్లం. బియ్యం ఆలస్యమైన వారం ఊళ్లో మిగిలిన అవ్వలు జొన్నరొట్టెలు కాల్చి పంపారు. ఐదో తరగతి లోపు చిన్నారులకు మధ్యాహ్న భోజనం 2003లోనే వచ్చింది కానీ, ఆరు, ఏడు తరగతులకు 2008 దాకా రాలేదు. ఒకే బడిలో తమ్ముడు పళ్లెం పట్టుకుంటే అన్న చూస్తూ నిలబడేవాడు. హాస్టల్ ఉన్న నెలల్లో మాకు ఆ బాధ లేదు.

ఒక ఆదివారం సార్ మమ్మల్ని ఎర్రగుడి గుట్టకు తీసుకుపోయారు. తొలకరికి జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతకడానికి పోయిన పిల్లలకు కూడా ఆ గుట్ట మీద ఏముందో తెలియదు. 1929లో బయటపడ్డ అశోకుడి శాసనాలు అవి. బ్రాహ్మీ లిపి. కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి పోతే, కొన్ని కుడి నుంచి ఎడమకు వెనక్కి వస్తాయి. సార్ రాతి మీద వేలు ఆనించకుండా, గాలిలోనే ఆ వరుసల వెంట చేయి నడిపించారు. "మడక తోలినట్టే ఉంది సార్, ఒక సాలు పోయి ఇంకో సాలు తిరిగొస్తాంది" అన్నాడొకడు. సార్ వాడి భుజం తట్టారు. తల్లిదండ్రుల మాట వినాలి, గురువును గౌరవించాలి అని ఆ రాతిలో ఉందని చెప్పారు. అమ్మానాన్నలు గుంటూరులో ఉన్న పిల్లలం, ఆ మాట విని చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఆ ఏడాది హాస్టల్లో ఉన్నవాళ్లమంతా ఏడో తరగతి పరీక్షలు రాశాం. మా బడి సాధించింది ఏమిటంటే నేను ముందుగా చెప్పేది ఇదే. తర్వాత చాలా వచ్చాయి. మా వీధి అమ్మాయి ఎనిమిదిలో పేద పిల్లలకు కేంద్రం ఇచ్చే ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష నెగ్గి, నెలకు 1,000 రూపాయల చొప్పున ఇంటర్ దాకా స్కాలర్‌షిప్ తీసుకుంది. సర్కారు బడులను బాగు చేయడానికి 2019లో మొదలైన నాడు-నేడు పనులతో నీళ్లు, మరుగుదొడ్లు, పచ్చ బోర్డులు వచ్చాయి. ఆడపిల్లలు మధ్యాహ్నం ఇంటికి పరుగెత్తే అవస్థ తప్పింది. చూసి నా మనసు నిండింది.

సార్ పేర్లు రాసిన ఆ నల్లబోర్డు మీద ఒక్క పేరు మాత్రం చెరగలేదు. నా బెంచీలో కూర్చున్నవాడిది. ఆ ఉగాదికి వాళ్లు రాలేదు, అక్కడే ఇంకో తోటలో పనికి కుదిరారట. వేసవి సెలవులిచ్చే రోజు దాకా సార్ ఆ పేరు పిలుస్తూనే ఉన్నారు.

మొన్న సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు ఆ పాత గది తలుపు తీయించాను. విరిగిన బెంచీలు వేసి పెట్టారు. సుద్ద రాతలు ఎప్పుడో పోయాయి, మేకుతో గీసిన చతురస్రం అలాగే ఉంది. ఆ గది పడగొట్టి కొత్తది కడతారని విన్నాను. కట్టండి, మన పిల్లలకు గదులు కావాలి. ఆ మూల మాత్రం పగలకుండా కోయించి కొత్త గదిలో పెట్టించమని బడి కమిటీ పెద్దలను అడుగుతున్నాను. మేస్త్రీ కూలి నేనిస్తాను.