చీనీకాయ మీద అగ్గిపుల్ల

మొన్న ఎమ్మెస్సీ పిల్లలకు హాల్ ఎఫెక్ట్ (అయస్కాంత క్షేత్రంలో కరెంటు పోతుంటే దానికి పక్కవాటుగా వోల్టేజి పుట్టడం) చెప్తుంటే ఒక అమ్మాయి మాంగనీస్ సిలిసైడ్ అనే అయస్కాంత పదార్థం గ్రాఫ్ పట్టుకొచ్చి అడిగింది: "సార్, బయటి అయస్కాంతం వల్ల వచ్చే వోల్టేజి తీసేశాను, పదార్థంలోని అయస్కాంతత్వం వల్ల వచ్చేదీ తీసేశాను, అయినా పక్కవాటుగా కొంచెం మిగిలింది. ఇది ఎక్కడిది సార్?"

బెర్రీ ఫేజ్ (పోయిన దారి ఆకారం వల్ల ఎలక్ట్రాన్ తరంగంలో మిగిలే తేడా) అని చెప్పి బోర్డు మీద ఇంటిగ్రల్ రాశాను. ఆ అమ్మాయి ముఖం చూస్తే అర్థం కాలేదని తెలిసిపోయింది.

అనంతపురంలో చీనీకాయలకు కొదవేముంది, మర్నాడు ఒక కాయ, అగ్గిపుల్ల తీసుకెళ్లాను. కాయ తొడిమ దగ్గర పుల్లను మన వైపు చూసేలా పెట్టి, ఏమాత్రం మెలితిప్పకుండా కాయ నడుము దాకా జరపండి. అక్కడి నుంచి కుడికి పావు చుట్టు, మళ్లీ పైకి తొడిమ దగ్గరికి. ఇప్పుడు పుల్ల కుడివైపు చూస్తుంది! మనం ఎక్కడా తిప్పలేదు, అయినా 90 డిగ్రీలు తిరిగింది. తిప్పింది కాయ గుండ్రదనం, అంతే.

మాంగనీస్ సిలిసైడ్‌ను సుమారు 29 కెల్విన్‌కు కాస్త దిగువకు చల్లబరిచి, తగినంత అయస్కాంత క్షేత్రం పెడితే లోపలి స్పిన్లు (చిన్న చిన్న అయస్కాంత సూదుల్లాంటివి) సుడులుగా అమరుతాయి. సుడి నడుమ స్పిన్ కిందికి, అంచున పైకి, మధ్యలో మెల్లగా వాలుతూ అన్ని దిక్కులూ చూస్తాయి. దీన్నే స్కిర్మియాన్ అంటారు. సుడుల వరసల మధ్య దూరం సుమారు 18 నానోమీటర్లు. 2009లో మ్యూనిక్ దగ్గర న్యూట్రాన్లతో ఈ అమరికను పట్టుకున్నారు, పక్కవాటు వోల్టేజిని కూడా అదే ఏడాది కొలిచారు.

ఎలక్ట్రాన్ అందులోంచి పోతున్నప్పుడు దాని స్పిన్ అడుగడుగునా పక్కనున్న స్పిన్లతో పాటే వాలుతుంది. చీనీకాయ మీద పుల్ల జరిగినట్టే. దారి పొడవునా పోగైన ఆ తేడా ఎలక్ట్రాన్ తరంగంలో మిగిలిపోతుంది, దాని ప్రభావం అచ్చం అయస్కాంత క్షేత్రంలాగే ఉండి ఎలక్ట్రాన్‌ను పక్కకు వంచుతుంది. ఒక్కో సుడికీ సరిగ్గా ఒక్క ఫ్లక్స్ క్వాంటం (క్వాంటం లెక్కలో అయస్కాంత ప్రవాహానికి ఒక యూనిట్), అంత చిన్న చోటులో క్షేత్రం బలం పది టెస్లాలకు పైనే లెక్క తేలుతుంది (ఆసుపత్రి ఎమ్మారై మామూలుగా ఒకటిన్నర, మూడు). కొలతలో అంత కనిపించదు, ఎందుకంటే స్పిన్ వ్యతిరేక దిశలో ఉన్న ఎలక్ట్రాన్లు రెండో వైపుకు వంగుతాయి, తేడా మాత్రమే వోల్టేజిగా మిగులుతుంది. నాకు మహా ఇష్టమైన సంగతి ఇదే: ఇక్కడ వంచుతున్నది స్పిన్ల అమరిక ఆకారం.

ఆ అమ్మాయి పుల్లను తనే ఎడమవైపు నుంచి జరిపి చూసింది, పుల్ల ఎడమకు తిరిగింది. "అయితే బయటి క్షేత్రం తిరగేస్తే ఈ వోల్టేజి గుర్తు కూడా మారాలి కదా సార్?" మారుతుందమ్మా, గ్రాఫ్‌లో రెండో సగం చూడు అన్నాను.

తర్వాత వెనక నుంచి ఇంకొకడు, సుడి ఎలక్ట్రాన్‌ను నెడితే ఎలక్ట్రాన్ సుడిని నెట్టదా అని అడిగాడు. నెడుతుంది, 2010లో చూశారు. దానికి చదరపు మిల్లీమీటరుకు సుమారు ఒక్క ఆంపియర్ చాలు. మన ఇంటి వైరింగ్‌లోని తీగ అంతకంటే ఎక్కువే మోస్తుంది.