మైగ్రేన్ మాత్ర, సోరియాసిస్ మంట: నా అనుభవం

మైగ్రేన్‌కు వేసుకుంటున్న ప్రొప్రనలాల్ మాత్ర ఇక పూర్తిగా ఆపేయవచ్చని నిన్న చెప్పారు. ప్రాణం తెరిపిన పడింది గానీ కోపం మాత్రం చల్లారలేదు.

సోరియాసిస్ అనే చర్మ జబ్బు నాకు కాలేజీ రోజుల నుంచీ ఉంది. పూతమందులతో మోచేతులు దాటకుండా ఉండేది. మైగ్రేన్ తర్వాత వచ్చింది. స్కానింగులో ఏమీ లేదన్నారు. నొప్పి రాకుండా రోజూ వేసుకోమని న్యూరాలజిస్టు ప్రొప్రనలాల్ రాశారు. తలనొప్పి తగ్గింది కూడా.

కొన్ని వారాలకు వీపు, నడుము, కాళ్లు ఎర్రబడి పొలుసులు కట్టాయి. పొద్దున్న లేచేసరికి దుప్పటి నిండా తెల్లటి పొట్టు. చర్మ వైద్యుడు పూతమందు పెంచారే తప్ప ఇంకేం మందులు వాడుతున్నారని అడగలేదు. నాకే అనుమానం వచ్చి న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాను.

గది తలుపు తీసే ఉంది. బయట జనం. "ఈ మాత్ర మొదలుపెట్టాకే ఇలా అయింది డాక్టర్ గారూ" అంటూ బల్ల మీద చెయ్యి పెట్టి చూపించాను. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. "ముందు ఆ చెయ్యి తీయండమ్మా. చర్మం సంగతి చర్మం డాక్టరును అడగండి. ఎక్కడో చదివొచ్చి మాకు పాఠాలు చెప్పకండి" అన్నారు. నేనింకా అక్కడ ఉండగానే నర్సు వచ్చి బల్లను స్పిరిట్‌తో తుడిచింది. బయటికొస్తుంటే బెంచీ మీది ఒకావిడ పిల్లవాణ్ని ఒళ్లోకి లాక్కుంది. సోరియాసిస్ అంటువ్యాధి కాదు. ఆ సంగతి వైద్యం చదివిన మనిషికి నేను చెప్పాలా? పిల్లలకు పాఠాలు చెప్పి బతికే నాకు ఆ క్షణాన నోట మాట రాలేదు.

చివరికి ప్రభుత్వ బోధనాసుపత్రిలో పీజీ చేస్తున్న ఒక అమ్మాయి "వాడే మాత్రలన్నీ బయట పెట్టండమ్మా" అంది. ప్రొప్రనలాల్ అట్ట చూడగానే విషయం పట్టేసింది. ప్రొప్రనలాల్ లాంటి బీటా బ్లాకర్లు, అంటే గుండె వేగాన్ని తగ్గించే మందులు, కొందరిలో సోరియాసిస్‌ను రేపుతాయి. పైగా ఈ రెండు జబ్బులూ ఒకే మనిషికి రావడం వింత కాదట. సోరియాసిస్ ఉన్నవారికి మైగ్రేన్ ముప్పు ఎక్కువని, కీళ్లకు కూడా పాకినవారికి ఇంకా ఎక్కువని డెన్మార్క్‌లో దేశవ్యాప్తంగా చేసిన అధ్యయనం 2015లోనే చెప్పింది. మరి ఈ రెండు శాఖల వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోరెందుకు?

ప్రొప్రనలాల్‌ను మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపవద్దు, గుండెకు ప్రమాదం. నాకు మెల్లగా తగ్గిస్తూ టోపిరమేట్ అనే మరో మైగ్రేన్ మాత్రకు మార్చారు. దానితో వేళ్లు తిమ్మిరెక్కుతాయి, నీళ్లు బాగా తాగాలి. వరుస ఎంత పొడవున్నా అద్దాల మేడలకన్నా బోధనాసుపత్రే నయం.

నడుము మీది మచ్చలు పలచబడ్డాయి. కొత్త చీటీ నకలు ఒకటి తీయించాను. రేపు ఆ న్యూరాలజిస్టు పేరు మీద స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.