ఫార్నమ్ వీధిలో ఆ ఇల్లు

అమెరికాలోని ఒమాహాలో ఉంటానని తెలిస్తే చాలు, మనవాళ్లు మొదట అడిగేది "బఫెట్‌ని చూశావా?" అనే. షేర్లలో మదుపు పెట్టి ప్రపంచ కుబేరుల్లో ఒకడైన వారెన్ బఫెట్‌ది ఈ ఊరే. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా ఎదురుపడలేదు. ఈ ఊరివాళ్ల దగ్గర మాత్రం తలా ఒక కథ ఉంటుంది. పొద్దున్నే కారు తనే నడుపుకుంటూ మెక్‌డొనాల్డ్స్‌కి వచ్చాడనో, గొరాట్స్ హోటల్లో పక్క టేబుల్ దగ్గరే భోంచేశాడనో. సొంత పెదనాన్న సంగతి చెప్పినంత ఆపేక్షగా చెబుతారు. ఆయన డబ్బు గురించి ఎత్తినవాళ్లు నాకు తగిలింది తక్కువ.

2025 ఏప్రిల్‌లో నాన్న వచ్చారు. సహకార బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. పేపర్లో బఫెట్ గురించి ఏం పడినా కత్తిరించి దాచుకునేవారు. ప్రయాణం బడలిక తీరకముందే "ఆ ఇల్లు చూపించరా" అన్నారు. డండీ పేటలో ఫార్నమ్ వీధి వెంట కారు నెమ్మదిగా పోనిచ్చాను. 1958లో 31,500 డాలర్లకు కొన్న ఇల్లు. ఇప్పటికీ అందులోనే ఉంటున్నాడు. ఆపలేదు, ఫొటో తీయలేదు; ఎవరిల్లయినా ఇల్లే కదా. నాన్న అద్దంలోంచి చూస్తూ "అరవై ఏడేళ్లు ఒకటే గడప" అన్నారు. గ్రీన్‌కార్డు వరసలో నిలబడి, నాలుగో అద్దె ఇంట్లో ఉంటున్న నాకు ఆ మాట ఆ రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు.

నా దగ్గర బఫెట్ కంపెనీ బెర్క్‌షైర్‌ది బి షేరు, అంటే చౌక రకం షేరు, ఒకటుంది. అది చాలు, ఏటా జరిగే వాటాదారుల సమావేశానికి పాసులు ఇస్తారు. మే 3న తెల్లవారుజామున నాలుగింటికే వెళ్లాం. అప్పటికే వరస మలుపు తిరిగింది. చలికి దుప్పట్లు కప్పుకున్నవాళ్లు, చైనా నుంచి వచ్చిన కుర్రాళ్లు. లోపల సీస్ కాండీస్ స్టాల్లో పీనట్ బ్రిటిల్ డబ్బా కొన్నాను. నాన్న ఒక ముక్క కొరికి, "మన వేరుశనగ అచ్చేరా! వెన్న వేశారంతే" అన్నారు. మిగతాది మనవరాలికని జేబురుమాల్లో చుట్టారు.

వేదిక మీద బఫెట్ బొటనవేలంత కనిపించాడు. నాన్న పెద్ద తెర వంక చూడనే లేదు, ఆ మనిషినే చూస్తూ కూర్చున్నారు. ఒంటిగంట కావస్తుండగా, ఏడాది చివరికి కంపెనీ పగ్గాలు తన ఉపాధ్యక్షుడు గ్రెగ్ ఆబెల్‌కి అప్పగించాలని చెప్పాడు. హాలు ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత వేలమంది లేచి చప్పట్లు. నాన్నకి ఇంగ్లిష్ యాస సగమే అందింది. నేను చెవిలో చెప్పాను. మోకాళ్లు పట్టుకుని లేచి, అందరూ కూర్చున్నా ఇంకాసేపు నిలబడే ఉన్నారు.

కార్లో కూర్చోగానే పాత కొలీగ్‌కి ఫోన్ చేశారు. అక్కడ అర్ధరాత్రి.

"నిద్ర లేపానా? ఏం లేదురా. బఫెట్ కూడా రిటైరవుతున్నాడు. తొంభై నాలుగేళ్లు. నేనక్కడే ఉన్నాను."