పత్తి చేల నడుమ పాటల బడి

అమెరికాలో మెంఫిస్ నగరం దాటి హైవే 61 మీద దక్షిణంగా సాగితే కాసేపటికి గుట్టలన్నీ మాయమైపోతాయి. మిసిసిపి, యాజూ నదుల మధ్య పరచుకున్న ఒండ్రునేల అది, మిసిసిపి రాష్ట్రపు డెల్టా. అక్టోబరు కావడంతో రోడ్డుకు రెండు పక్కలా పత్తి విచ్చుకుని ఉంది. గుంటూరు జిల్లాలో పుట్టినదాన్ని, పత్తి చేను నాకు కొత్త కాదు. అంత పెద్ద చేలో మనిషన్నవాడు కనబడకపోవడమే కొత్త. ఇంటంత యంత్రం ఒకటి చాళ్ళ మీదుగా పోతూ, తీసిన పత్తిని గుండ్రటి మోపుగా చుట్టి, గులాబీ రంగు ప్లాస్టిక్ తొడిగి వెనక దించుతోంది.

"ఈ యంత్రమే అక్కా, బ్లూస్‌ని ఇక్కణ్ణుంచి తరిమేసింది" అన్నాడు తమ్ముడు. మెంఫిస్‌లో ఉద్యోగం, సెలవు దొరికితే బ్లూస్ అనే ఈ నల్లజాతి కూలీల పాటల వెంట తిరగడం వాడి పని. వాడి మాటలో కొంత అతిశయోక్తి ఉన్నా అబద్ధం లేదు. క్లార్క్స్‌డేల్ పక్కనున్న హాప్సన్ ఎస్టేటులో 1944లో విత్తనం వేయడం మొదలు బేళ్ళు కట్టడం దాకా అంతా యంత్రాలతోనే చేసి పంట తీశారు. అప్పటికే నల్లజాతి పాలికాపులు రైలెక్కి షికాగో దారి పట్టడం మొదలైంది. స్టోవాల్ తోటలో ట్రాక్టరు నడిపిన, తర్వాత పేరుమోసిన బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ 1943లో వెళ్ళిపోయాడు. చేతుల అవసరం తీరాక మిగిలినవాళ్ళూ కదిలారు. పాట వాళ్ళతోపాటే పోయింది.

పాత కూలీల గుడిసెలను బాగుచేసి పర్యాటకులకు బసగా ఇచ్చే చోటు ఒకటి ఊరి బయట ఉంది. రాత్రికి అక్కడ దిగుదామన్నాడు తమ్ముడు. అప్పుల్లో పుట్టి అప్పుల్లోనే పోయిన వాళ్ళ కప్పు కింద, ఏసీ వేసుకుని ముచ్చటగా నిద్రపోవడానికి నాకు మనసొప్పలేదు. ఊళ్ళోనే గది తీసుకున్నాం.

క్లార్క్స్‌డేల్ జనాభా పదిహేను వేల లోపే. సగం దుకాణాలు మూతబడి ఉన్నాయి. డెల్టా బ్లూస్ మ్యూజియం మాత్రం సందడిగా ఉంది. ఊరి గ్రంథాలయ అధికారి సిడ్ గ్రేవ్స్ చొరవతో 1979లో మొదలై, 1999లో పాత రైల్వే సరుకుల గోదాములోకి మారింది. 1918లో కట్టిన ఇటుక భవనం. లోపల అందరూ ఆగేది మడ్డీ వాటర్స్ ఇంటి దగ్గర. దుంగలతో కట్టిన ఆ ఇంటిని స్టోవాల్ నుంచి ఊడదీసి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. 1941లో జానపద పాటలు సేకరించే అలన్ లోమాక్స్, ఫిస్క్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ వర్క్ రికార్డింగు పరికరాలతో స్టోవాల్ వెళ్ళి అతని పాట పట్టుకున్నారు. తన గొంతు తాను విన్నాకే పాటతో బతకగలనన్న నమ్మకం కలిగిందని మడ్డీ వాటర్స్ తర్వాత చెప్పుకున్నాడు. దుంగల మధ్య సందుల్లోంచి అవతలి వెలుతురు కనబడుతోంది. చలికాలం ఆ ఇంట్లో ఎలా గడిచేదో ఊహించుకోవచ్చు.

నేను అసలు వచ్చింది అద్దాల వెనక గిటార్లు చూడటానికి కాదు. బడి విడిచాక పిల్లలకు ఈ మ్యూజియం వాళ్ళే బ్లూస్ నేర్పుతారని విన్నాను. ఏళ్ళ తరబడి నడుస్తున్న తరగతులివి. సాయంత్రం ఒక మూల కూర్చుని చూసేందుకు ఒప్పుకున్నారు.

గిటారు, బేసు (మంద్రస్వరాల గిటారు), డ్రమ్ములు, కీబోర్డు, పాట. నేర్పేది ఊళ్ళోని విద్వాంసులే, నోటేషన్ కాగితం ఎక్కడా లేదు. టోపీ పెట్టుకున్న పెద్దాయన ఒక చరణం పాడి, వేళ్ళు చూపించి ఊరుకున్నారు. బ్లూస్ చట్రం చెప్పడానికి సులువు: పన్నెండు ఆవర్తాలు, మూడు కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు), మొదటి పాదం రెండుసార్లు, మూడో పాదం దానికి జవాబు. వాయించడానికి కూర్చుంటేనే తెలుస్తుంది ఎంత కష్టమో. బేసు పట్టుకున్న పాపకు పదేళ్ళుంటాయేమో, గిటారు మెడ చివరకు చెయ్యి అందడం కష్టంగా ఉంది. ఐదో ఆవర్తంలో మారాల్సిన కార్డును నాలుగులోనే మార్చేస్తోంది. పెద్దాయన తప్పని అనలేదు. చెయ్యెత్తి డ్రమ్ముల పిల్లవాణ్ణి ఆపి, పాపను బేసు ఒళ్ళో పెట్టుకుని పాదం నోటితో పాడమన్నారు. పాడింది. మళ్ళీ పాడమన్నారు. మాట ముగిశాక మిగిలే ఖాళీలో కాలితో నేల తట్టి చూపారు. ఈసారి డ్రమ్ములు మొదలుపెట్టగానే ఆ ఖాళీని ఓపికగా దాటి సరిగ్గా ఐదులో దిగింది. వెంటనే తలెత్తి డ్రమ్ముల పిల్లవాడి వంక చూసింది, వాడూ గమనించాడో లేదోనని.

ఈ తరగతుల్లోంచి వచ్చినవాడే క్రిస్టోన్ 'కింగ్‌ఫిష్' ఇన్‌గ్రామ్. 1999లో పుట్టిన ఈ ఊరి పిల్లవాడు. మ్యూజియం పిల్లల బృందంతో 2014లో వైట్‌హౌస్‌లో వాయించాడు. ఈ ప్రాంతపు టెలిఫోన్ కోడు '662' పేరు పెట్టిన ఆల్బమ్‌కు 2022లో గ్రామీ అందుకున్నాడు. కానీ ఆ గదిలో కూర్చున్నప్పుడు నాకు ముఖ్యమనిపించింది గ్రామీ కాదు. వయసు మీదపడిన వాద్యకారుడికి సాయంత్రాలు ఒక పని, దానికి కొంత జీతం, ఎదురుగా పిల్లలు ఉండటం. ఇలా నేర్పిన జానీ బిల్లింగ్టన్ 2013లో పోయారు. ఆయన శిష్యులు కొందరు ఇప్పుడు తామే నేర్పుతున్నారు.

రాత్రి ఒక జూక్ జాయింటుకు, అంటే పాటలుండే చిన్న బారుకు వెళ్ళాం. ఎర్ర దీపాలు, అతుకుల కుర్చీలు, మోగిపోయే ఆంప్లిఫైయరు. పాట గొప్పగా ఉంది. గాయకుడు గాంధారాన్ని కిందికి లాగి రెండు స్వరాల మధ్య ఊగిస్తుంటే మన గమకం అలవాటైన చెవికి హాయిగా తగులుతుంది. అయితే చుట్టూ చూస్తే వినేవాళ్ళలో ఎక్కువమంది మాలాంటి పరాయివాళ్ళే. పాడేవాడు నల్లవాడు, డబ్బు పెట్టి వింటున్నది దూరాల నుంచి వచ్చిన తెల్లవాళ్ళు, నాలుగు వీధుల అవతల ఊరి కుర్రాళ్ళు కార్లలో ర్యాప్ పెట్టుకుని పోతున్నారు. కుర్రాళ్ళను తప్పుపట్టను, ర్యాప్ కూడా ఈ చెట్టు కొమ్మే. కాకపోతే వేదిక ముందు కనబడని ఊరి పిల్లలు సాయంత్రం ఆ గది నిండా కనబడ్డారు. పర్యాటకుల సొమ్ము గాయకుణ్ణి ఈ ఏడాదికి బతికిస్తుంది, పాపకు ఐదో ఆవర్తం నేర్పడం దాని వల్ల కాదు.

మర్నాడు హైవే 49 మీద ఇంకా దక్షిణంగా. టట్‌వైలర్ స్టేషనులో రైలు కోసం కూర్చున్న ఒకడు తీగల మీద కత్తి జారుస్తూ పాడటం విన్నానని బ్లూస్ స్వరకర్త డబ్ల్యూ.సి. హ్యాండీ రాసుకున్న ఊరిది. ఇండియనోలా దగ్గర హాలీ రిడ్జ్ శ్మశానంలో తొలితరం బ్లూస్ గాయకుడు చార్లీ ప్యాటన్ సమాధి. 1934లో పోయిన ఆయనకు శిలాఫలకం దక్కింది 1991లో. బ్లూస్ చరిత్ర ఉన్న చోట్లను గుర్తించే మిసిసిపి బ్లూస్ ట్రయల్ వారి తొలి నీలి బోర్డు కూడా 2006లో ఇక్కడే నాటారు, ఇప్పుడవి రాష్ట్రంలోనూ బయటా రెండు వందలు దాటాయి. ఇండియనోలాలో ప్రసిద్ధ బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ కుర్రతనంలో పనిచేసిన పత్తి జిన్నింగు మిల్లును కలుపుకుని 2008లో మ్యూజియం తెరిచారు. ఆయన సమాధీ అక్కడే. ప్రదర్శన భారీగా, చక్కగా ఉంది. నేను కొంచెం తొందరగానే బయటికొచ్చాను.

చివరికి బెంటోనియా. రైలు పట్టాల పక్కన నీలం రంగు ముఖం ఉన్న చిన్న సిమెంటు దిమ్మెల కట్టడం, బ్లూ ఫ్రంట్ కేఫ్. బ్లూస్ గాయకుడు జిమ్మీ 'డక్' హోమ్స్ తల్లిదండ్రులు 1948లో తెరిచారు, ఇప్పుడు నడుపుతున్నది ఆయనే. మేము వెళ్ళిన పూట ఆయన లేరు. ఈ ఊరి బాణీ వేరు. తీగలను మైనరు శ్రుతిలో బిగిస్తారు, వింటే వెన్ను కాస్త జలదరిస్తుంది. హెన్రీ స్టకీ నుంచి స్కిప్ జేమ్స్, జాక్ ఓవెన్స్ అందుకున్నారు. ఓవెన్స్ దగ్గర హోమ్స్ కూర్చున్నప్పుడు శ్రుతి పేరు చెప్పడం, కాగితం మీద రాయడం లేదు, వేళ్ళు చూసి పట్టుకోవడమే. ఒక్క ఊరి బాణీ, ఒకరి వేళ్ళ నుంచి ఇంకొకరి వేళ్ళకు. ఆ వరసలో ఒక్కరు తప్పినా ఇవాళ మనకు మిగిలేవి పాత రికార్డులే.

ఇక్కడి ఉత్సవాన్ని 1972 నుంచి జరుపుతున్నారు. జూన్‌లో రా అక్కా, అప్పుడు హోమ్స్ తప్పకుండా వాయిస్తారు అని తమ్ముడు అంటున్నాడు. జూన్ ఎండ మనకు కొత్తా అని నేనంటే, ఇక్కడి ఉక్కపోత ముందు మన రోహిణి కార్తె చిన్నబోతుందని బెదిరిస్తున్నాడు.